సర్ జార్జి ఎవరెస్టు

ఎవరెస్టు శిఖరము పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో ఉండడు. కాని ఆ పేరు గల మనుష్యుడు మన హైదరాబాదు నగరమున ఉద్యోగము చేసెననియు, ఇచ్చటినుండి తూర్పుదిక్కునకు వెడలి అడవులలో జ్వరము పాలై చావు తప్పి తిరిగి వచ్చెననియు ఎరిగినవారు మిక్కిలి కొలదిమంది. శంషాబాదు విమానాశ్రయమునుండి లండను నగరపు హీత్రో విమానాశ్రయమునకు ఎంత దూరమని అడిగినచో, సుమారు 7,750 కిలోమీటర్లని నేటి బాలుడు క్షణములో చెప్పగలడు. ఆ దూరమును ఎవ్వరును గొలుసు వేసి కొలువలేదు. ఎడారులమీదను, సముద్రములమీదను అట్లు కొలుచుట సాధ్యమును గాదు. భూమి యొక్క ఆకారమును, పరిమాణమును ముందుగా నిర్ణయించుకొని, రెండు తావుల అక్షాంశ రేఖాంశములను బట్టి లెక్క కట్టిన దూరమది. భూమి కొలత తప్పినచో ఈ లెక్కయు తప్పును. ఆ కొలతకై మన దేశమున ఆరోగ్యమును, యౌవనమును ధారపోసినవారిలో జార్జి ఎవరెస్టు ముఖ్యుడు.

ఇతడు 1790వ సంవత్సరము జూలై 4వ తేదీన జన్మించెను. తండ్రి గ్రీనిచ్ పట్టణమున న్యాయవాది. నేడు ప్రపంచములోని రేఖాంశములన్నియు ఆ గ్రీనిచ్ నుండియే లెక్కింపబడుచున్నవి. బాలుడు వూలిచ్ సైనిక విద్యాలయమున గణితము నేర్చి, పదునారవ యేట, అనగా 1806లో, కుంఫిణీవారి ఫిరంగిదళమున చేరి బంగాళమునకు వచ్చెను. ఆ కాలమున తెరచాప ఓడలు ఆఫ్రికా ఖండము చుట్టి రావలసియుండెను గనుక ప్రయాణమునకు నెలలు పట్టెడిది. 1814 మొదలు 1816 వరకు జావా ద్వీపమున సర్వే చేసి ఇతడు పై అధికారుల మెప్పు వడసెను. పిమ్మట కలకత్తానుండి చునారు వరకు సంకేతములచే వార్తలు పంపు బురుజుల వరుసకు తావులు నిర్ణయించెను. ఆ పనియందు కనబరచిన నేర్పు చూచి, హైదరాబాదున నున్న కర్నలు విలియం లాంబ్టనునకు ముఖ్య సహాయకునిగా ఇతనిని నియమించిరి. 1818వ సంవత్సరము చివర ఎవరెస్టు మన నగరము చేరెను.

లాంబ్టనును గురించి కొంత చెప్పక ఎవరెస్టు కథ నడువదు. ఈ వృద్ధుడు 1802లో మద్రాసు చెంత సెయింట్ తామస్ మౌంటు వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచి మహాసర్వేకు పునాది వేసెను. అతని పెద్ద థియోడొలైటు యంత్రము బరువు అరటన్నునకు దగ్గర. ఇంగ్లాండునుండి వచ్చుచు అది దారిలో ఫ్రెంచివారి చేతికి చిక్కి మారిషసునకు పోయి, వారి గవర్నరు దయతో మరల మద్రాసు చేరినది. 1808లో తంజావూరి గుడి గోపురము మీదికి ఎక్కించుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని వంకరపోయినది. లాంబ్టను దానిని విప్పి, తన చేతులతోనే వారముల తరబడి సవరించి, మరల పనికి పెట్టెను. అంతటి ఓర్పరి. కన్యాకుమారినుండి ఉత్తరముగా త్రిభుజములు అల్లుకొనుచు వచ్చి, 1815లో బీదరు చెంత మరియొక ఆధారరేఖను కొలిచెను. అతని ముఖ్యరేఖ 78వ రేఖాంశమునకు సమీపముగా సాగినది. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతములు 78½ అంశములకు చేరువ నున్నవి గనుక ఆ రేఖకు ఇరుగుపొరుగువారమే.

త్రిభుజములచే దూరము కొలుచుట యెట్లని చిన్న తరగతులవారు అడుగవచ్చును. సరూర్‌నగర్ చెరువు గట్టున నిలిచి ఆవలి ఒడ్డుననున్న చెట్టు ఎంత దూరమో తెలిసికొనవలెనని తలపుడు. నీటిలో దిగ నక్కరలేదు. ఈవలి గట్టున తిన్నని గీత యొకటి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొనలనుండియు ఆ చెట్టును చూచి, గీతకును చూపునకును నడుమనున్న కోణములను కొలిచినచో, మిగిలిన రెండు భుజములను త్రికోణమితి చెప్పును. అట్లు తెలిసిన భుజమే తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. ఇట్లు కొండనుండి కొండకు వందలాది మైళ్లు పోవచ్చును. ఎంతో దూరము పోయినపిమ్మట మరల నేలమీద ఒక గీత కొలిచి, లెక్కతో సరిపోయినదో లేదో చూతురు. తప్పు ఎక్కడనైనను దూరినచో అక్కడ బయటపడును. నక్షత్రములను చూచి ఆ రెండు కొనల అక్షాంశములను నిర్ణయించినచో, ఒక్కొక్క అంశమునకు నేలమీద ఎన్ని అడుగులో తేలును. దానినిబట్టి భూమి ఎంతటిదో, ధ్రువములయొద్ద ఎంత అణగియున్నదో గణింపవచ్చును.

వినుటకు సులభముగా నున్న ఈ పని చేయుటకు ఎంత కఠినమో ఎవరెస్టు 1819లో తెలిసికొనెను. కృష్ణా గోదావరుల నడుమనున్న ప్రదేశమును త్రిభుజములతో కప్పుమని లాంబ్టను అతనిని పంపెను. నేడు మన ఎల్‌బీ నగర్ కూడలినుండి హయత్‌నగర్ మీదుగా విజయవాడకు పోవు బస్సులు ఆ దిక్కుననే పోవుచున్నవి. ఇప్పుడది కొన్ని గంటల ప్రయాణము. అప్పుడు అటు పోయినకొలది దట్టమైన అడవి. కొలతకు ఎన్నుకొన్నది వానకాలము. ఎండకాలమున దుమ్మును వేడిగాలియు దూరపు కొండలను కప్పివేయును. వాన వెలిసిన వెనుక గాలి అద్దమువలె తేటపడి, నలువది ఏబది మైళ్ల దూరపు గురుతు సైతము దుర్భిణిలో కనబడును. అందుచే సర్వేవారు అందరును ఇంటికి చేరు కాలమున బయలుదేరెడివారు. ఆ తేటగాలితో కూడ దోమలును వచ్చునని, ఆ దోమలే జ్వరమును తెచ్చునని నాడు లోకమున ఎవ్వరికిని తెలియదు.

అడవిలో కొన్ని వారములు గడచునప్పటికి ఎవరెస్టును, అతనితో వచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన వాయిసీయు మంచము పట్టిరి. కొలది దినములలోనే వెంటనున్న జనమంతయు, సుమారు నూటయేబదిమంది, జ్వరముతో కూలిరి. జెండాలు పట్టువారు, సామాను మోయువారు, సిపాయీలు, వంటవారు అను భేదము లేకపోయెను. వార్త హైదరాబాదు చేరగానే లాంబ్టను దొరికినన్ని ఏనుగులను, పల్లకీలను, బండ్లను పంపించెను. అయినను పలువురు దారిలోనే ప్రాణములు విడిచిరి. నగరము చేరినవారు మనుష్యులవలె కనబడలేదట. చనిపోయినవారి పేర్లు చరిత్రలో నిలువలేదు. వారిలో చాలమంది ఈ ప్రాంతముల పేదలే యై యుందురని నా తలంపు.

ఇచ్చట నొక్కమాట. ఎవరెస్టును కూల్చినది మలేరియా జాతి జ్వరమని నేటివారి అభిప్రాయము. ఆ జ్వరపు క్రిమి దోమ కడుపులో పెరుగుచున్నదని రోనాల్డ్ రాసు కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన, మన జంటనగరములలోని బేగంపేటలోనే. ఆ భవనము పాత బేగంపేట విమానాశ్రయమునకు చెంతనే యున్నది. జ్వరముతో ఎవరెస్టు ఏ నగరమునకు మోయబడి వచ్చెనో ఆ నగరముననే డెబ్బదియెనిమిది సంవత్సరముల తరువాత దాని గుట్టు బయటపడినది.

ఎవరెస్టు ఒడలు పూర్తిగా కుదురుకొనలేదు. 1820లో మరల జ్వరము తిరుగబెట్టగా వైద్యులు అతనిని దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రదేశమునకు పంపిరి. విశ్రాంతికై పోయినవాడు అచ్చటను ఊరకుండలేదు. పూర్వము లకాయి అను ఫ్రెంచి పండితుడు చేసిన భూమి కొలతలో తప్పు ఎచ్చట వచ్చినదో పరిశీలించి, చుట్టునున్న కొండల ఆకర్షణచే తూనికగుండు ప్రక్కకు లాగబడియుండునని తేల్చెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

1823 జనవరి 20వ తేదీన లాంబ్టను హైదరాబాదునుండి నాగపూరునకు పోవుచు హింగన్‌ఘాటు వద్ద మరణించెను. భారము ఎవరెస్టుపై పడెను. జ్వరము, కీళ్లనొప్పులు అతనిని విడువలేదు. 1824, 25 సంవత్సరములలో సిరోంజి ప్రాంతమున నక్షత్రములను చూడవలసివచ్చినప్పుడు కాళ్లు చేతులు స్వాధీనములో లేక, ఇద్దరు మనుష్యులు అతనిని ఎత్తి యంత్రము ముందు కూర్చుండబెట్టి, పని కాగానే మరల దించెడివారు. తుదకు సెలవు తీసికొని 1825లో ఇంగ్లాండునకు పోయి అయిదేండ్లు ఉండెను. అక్కడను కొత్త యంత్రములు చేయించుటలోను, వేడిమికి పొడవు మారని కొలతబద్దలను సంపాదించుటలోను కాలము గడపెను. 1830లో తన గ్రంథమును ప్రకటించి, ఇండియా సర్వేయరు జనరలుగా మరలి వచ్చెను.

అటుపిమ్మటి పదుమూడేండ్లే అతని జీవితములో ముఖ్యమైనవి. గంగా మైదానమున కొండలు లేవు. కావున ఎత్తైన బురుజులు కట్టించెను. పగలు ఎండను ప్రతిఫలింపజేయు అద్దములతోను, రాత్రి దీపములతోను గురుతులు చూపించెను. చూపునకు అడ్డువచ్చిన చెట్లను కొట్టించెను, కొన్నియెడల ఇండ్లను సైతము తొలగించెను. గ్రామస్థులకు ఇది ఎంత కష్టముగా తోచెనో ఊహింపవచ్చును. బురుజులమీదినుండి దుర్భిణితో తమ లోగిళ్లలోని స్త్రీలను చూచుచున్నారని కోపించినవారును గలరు. స్వభావము చేత ఎవరెస్టు ముక్కోపి. క్రింది ఉద్యోగుల చిన్న తప్పులనైనను ఓర్చెడివాడు కాడు. తన్ను దిక్సూచివాలా అను అర్థము వచ్చు పేరుతో ఎవరో పిలిచిరని మండిపడెను. జర్విసు అను తోటి అధికారిపై పత్రికలకెక్కిన కలహము నడపెను. గొప్పవారి జీవితములు వ్రాయునప్పుడు ఇట్టివి దాచుట వాడుక. కాని దాచినచో చిత్రము సరిగా రాదు.

అట్టి ముక్కోపియే దేశీయులలోని ప్రతిభను గుర్తించుటయందు ముందుండెను. ఆర్కాటునుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ ఇంగ్లీషు చదువని పనివాడు. అతని చేతినేర్పును చూచి సున్నితమైన యంత్రముల మరమ్మతు అతనికి అప్పగించి, దొరలకే దక్కెడి యంత్రకారుని పదవికి అతనినే సిఫారసు చేసెను. బంగాళీయుడైన రాధానాథ సిక్దారు పందొమ్మిదేండ్లు నిండక మున్నే 1831లో లెక్కలు కట్టు పనిలో చేరెను. ఎవరెస్టు అతనిని తనతో సమానమైన గణితజ్ఞునిగా మన్నించెను. హిమాలయములలోని పదునైదవ శిఖరము 29,002 అడుగులని తరువాతి కాలమున తేలిన లెక్కలో ఈ సిక్దారు చేయి గలదు.

1834, 35లలో డెహరాడూను లోయలో ఆధారరేఖ కొలువబడెను. సిరోంజినుండి నాలుగువందల మైళ్లు త్రిభుజములమీదుగా వచ్చి లెక్కించిన పొడవునకును, నేలమీద కొలిచిన పొడవునకును భేదమున్నందున, ఎవరెస్టు తృప్తిపడక సిరోంజి రేఖను 1837, 38లలో మరల కొలిపించెను. అప్పటికి ఏడుమైళ్లకు పైబడిన రేఖలో భేదము అంగుళములలోనికి దిగినది. 1841 నాటికి కన్యాకుమారినుండి హిమాలయపాదము వరకు సుమారు 2,400 కిలోమీటర్ల మహారేఖ ముగిసెను.

అయినను చిన్న చిక్కొకటి మిగిలెను. ఉత్తరపు కొననున్న కలియానాకును, మధ్య హిందూస్థానమునందలి కలియాన్‌పూరునకును నడుమ దూరమును నక్షత్రములు ఒకటి చెప్పినవి, త్రిభుజములు మరియొకటి చెప్పినవి. భేదము 5¼ వికలలు, అనగా నేలమీద సుమారు 160 మీటర్లు. అయిదంశములకు పైబడిన దూరములో ఇది గణనకు రానిదని మనకు తోచును. కలకత్తాలో ఆర్చ్‌డీకను పదవిలోనున్న జాన్ ప్రాట్ అను క్రైస్తవ గురువు దీనిని ఊరక విడువలేదు. హిమాలయముల ఆకర్షణచే తూనికగుండు ఎంత ప్రక్కకు పోవలెనో 1855లో లెక్కించి చూడగా, నిజముగా కనబడిన దానికి ఇంచుమించు మూడింతలు వచ్చెను. అనగా పర్వతములు తమ పరిమాణమునకు తగినంతగా లాగుట లేదు. పర్వతముల క్రింద తేలికయైన రాయి లోతునకు దిగియుండి, అవి నీటిపై మంచుగడ్డలవలె తేలుచున్నవని ఆ సంవత్సరమే ఎయిరీ అను జ్యోతిశ్శాస్త్రవేత్త సమాధానము చెప్పెను. గురువుగారి ఈ లెక్కనుండి భూగర్భ శాస్త్రమున ఒక పెద్ద అధ్యాయము పుట్టినది. కేప్ ప్రదేశమున ఎవరెస్టునకు తట్టిన ఊహయే ఇక్కడ వేరొకరి చేతిలో ఫలించెను.

1843లో ఎవరెస్టు ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయెను. 1846లో వివాహము చేసికొనెను, ఆరుగురు బిడ్డలు కలిగిరి. క్రైస్తవ గురువైన అతని అన్నదమ్ముని కుమార్తె మేరీ, జార్జి బూలు అను గణితవేత్తను పెండ్లాడెను. బూలు కనిపెట్టిన తర్కగణితము మీదనే నేటి కంప్యూటర్లు నడచుచున్నవి. విమానదూరమును అర క్షణములో తేల్చెడి యంత్రములో ఎవరెస్టుల ఇంటి అల్లుని గణితము గలదన్నమాట.

పదునైదవ శిఖరమునకు గురువుగారి పేరు పెట్టవలెనని అతని వారసుడు ఆండ్రూ వా 1856లో తలపెట్టెను. ఆ శిఖరమును తాను కనుగొనలేదనియు, తన పేరును పారసీలోగాని హిందీలోగాని వ్రాయుట కష్టమనియు ఎవరెస్టు అభ్యంతరము చెప్పెను. 1865లో భౌగోళిక సంఘమువారు ఆ పేరునే స్థిరపరచిరి. నిజమునకు ఆ వంశమువారు తమ పేరును ఈవ్‌రెస్టు అని పలుకుదురు. తెలుగు లిపికి దానిని వ్రాయుటలో ఏ కష్టమును లేదు. అయినను మనమును లోకముతోపాటు తప్పుగనే వ్రాయుచున్నాము.

ఇక అతని కొలత ఎంతవరకు నిలిచినదో చూతము. ఎవరెస్టు 1830లో భూమధ్యరేఖవద్ద భూమి వ్యాసార్ధమును నేటి కొలమానమున సుమారు 6,377,276 మీటర్లుగా నిర్ణయించెను. ఉపగ్రహముల సాయముతో నేడు వాడబడు సంఖ్య 6,378,137 మీటర్లు. భేదము 861 మీటర్లు. శంషాబాదునుండి లండనుకు దూరమును ఎవరెస్టు భూమిపై లెక్కించి, మరల ఉపగ్రహముల భూమిపై లెక్కించినచో, 7,750 కిలోమీటర్లలో వచ్చు తేడా ఒక కిలోమీటరు మాత్రమే. విమానము ఆ కిలోమీటరును నాలుగు క్షణములలో దాటును.

కాని తావుల నిర్ణయములో ఈ తేడా చిన్నదని తలపరాదు. ఎవరెస్టు కొలత ముఖ్యముగా మన దేశపు నేలకు అమరినట్టిది. ఇతర దేశములవారు తమ నేలకు అమరిన కొలతలు పెట్టుకొనిరి. అందుచే ఒకే తావు యొక్క అక్షాంశ రేఖాంశములు ఒక దేశపు పటమునకును, మరియొక దేశపు పటమునకును వందల మీటర్లు తేడా పడెడివి. ఓడకు అది కొంత సహ్యమే. మబ్బులలోనుండి ఇరుకైన రన్‌వే మీదికి దిగెడి విమానమునకు సహ్యము గాదు. కావున 1998 జనవరి 1వ తేదీనుండి ప్రపంచ విమానయానమంతటికిని ఒకే భూమి కొలత ప్రమాణమయ్యెను. ఎల్‌బీ నగర్ నుండి నాగోలు మీదుగా ఉప్పలు పోయినచో అచ్చట సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణ సంస్థ యున్నది. ఈ శాఖలోనే లాంబ్టనును, ఎవరెస్టును పనిచేసిరి.

దూరము తెలిసినంతమాత్రమున ప్రయాణకాలము తెలియదు. గోళము మీద దగ్గరిదారి మన గోడపటముపై గీచిన తిన్నని గీతకంటె ఉత్తరముగా వంగియుండును. యుద్ధములవలన కొన్ని దేశముల ఆకాశము మూయబడినచో విమానము చుట్టు తిరుగును. పైని వీచు గాలులు పడమటినుండి తూర్పునకు బలముగా నుండుటచే పోవునప్పటికంటె వచ్చునప్పుడు సామాన్యముగా త్వరగా వచ్చును. శంషాబాదునుండి లండనుకు ఆగకుండ పోవుటకు రమారమి పది గంటలు. మన ఎల్‌బీ నగర్ నుండి శంషాబాదు చేరుట పాతిక కిలోమీటర్ల పనియే యైనను, ఆ ప్రయాణకాలమును లెక్కించు సూత్రమును ఏ గణితవేత్తయు ఇంతవరకు చెప్పలేదు.

ఎవరెస్టునకు 1861లో సర్ బిరుదము వచ్చెను. 1866 డిసెంబరు 1వ తేదీన లండనులో మరణించెను. ఇంగ్లాండు దక్షిణ సముద్రతీరమున హోవ్ అను ఊరిలో సెయింట్ ఆండ్రూసు దేవాలయపు ప్రాంగణమున అతని సమాధి యున్నది. మన గడియారము లండను గడియారముకంటె శీతకాలమున అయిదున్నర గంటలును, వేసవిలో నాలుగున్నర గంటలును ముందుండును. కావున శంషాబాదున తెల్లవారుజామున విమానమెక్కిన మన పాఠశాల విద్యార్థి లండనులో మధ్యాహ్నమునకు ముందే దిగి, ప్రొద్దు గ్రుంకకమున్నే ఆ సమాధియొద్ద నిలువవచ్చును.